అది మైలుతుత్తం కాదు

ఖనిజశాస్త్రం మొదటి క్లాసులో చెప్పే మొదటి మాట ఒకటుంది. రంగు చూసి దేనికీ పేరు పెట్టకండి అని. ఒకే ఖనిజం నాలుగు రంగుల్లో దొరుకుతుంది, నాలుగు ఖనిజాలు ఒకే రంగులో దొరుకుతాయి. గోటితో గీసి చూడాలి, పింగాణీ పలక మీద రుద్ది చూడాలి, ఎలా విరుగుతుందో చూడాలి, చేతిలో బరువు చూడాలి, ఆమ్లం చుక్క వేసి చూడాలి. ఇవన్నీ అయ్యాక, చిట్టచివర్న, రంగు. మా ఊళ్ళో మాత్రం రంగొక్కటే చూసి మా నాన్నగారిని హంతకుణ్ణి చేసేశారు. ఇన్నేళ్ళయినా తలుచుకుంటే అరికాలి మంట నెత్తికెక్కుతుంది. కోపం చల్లారాక రాద్దామని చాలాసార్లు వాయిదా వేశాను. అది చల్లారే రకం కాదని తెలిసిపోయింది కాబట్టి ఇప్పుడు రాసేస్తున్నాను.

మాది రామచంద్రపురం దాటి ఇంకా లోపలికి వెళ్తే వచ్చే ఊరు. చుట్టూ వరిచేలు, కొబ్బరితోటలు, ఎటు చూసినా నీళ్ళే. తాగడానికి మాత్రం గ్లాసుడు దొరకవు. బోరు వేస్తే ఉప్పగా వస్తాయి. అందుకని ఊరి చివర మంచినీళ్ళ చెరువు, దాంట్లోకి పంటకాలువ నుంచి నీళ్ళు, గట్టు మీద ఇసుక ఫిల్టర్లు, ఆ పక్కన ట్యాంకు. వీటన్నిటినీ చూసుకునేది మా నాన్నగారు. పంచాయతీ వాళ్ళు వాచరు అనేవాళ్ళు. ఊళ్ళో వాళ్ళు వేళాకోళానికి ‘చెరువుగారు’ అనేవాళ్ళు. ఆయన నవ్వి ఊరుకునేవారు. నోట్లో నాలుక లేని మనిషి. ప్రెసిడెంటుగారు ఏం చెప్పినా ‘ఆయ్’ అనడమే. పొద్దున్నే ఫిల్టర్లు కడగమంటే ఆయ్, ప్రెసిడెంటుగారి కొబ్బరితోటకి పనివాళ్ళని కేకేసుకు రమ్మంటే ఆయ్. నాకు చిన్నప్పట్నుంచీ ఆ ‘ఆయ్’ వింటే చిర్రెత్తుకొచ్చేది. మా అమ్మ మాత్రం, “ఆ ఆయ్ లేకపోతే మనకి అన్నం ఎలా వస్తుందే?” అనేది.

ఎండాకాలం వస్తుందనగా చెరువుకి పాచి పట్టేది. పాచి చావడానికి మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేటు, వేస్తారు. నెమలి మెడ రంగులో పలుకులు పలుకులుగా ఉంటుంది, కొబ్బరితోటలున్న వాళ్ళందరికీ తెలిసిన మందే. దాన్ని గోనెగుడ్డలో మూట కట్టి, తాటిదోనెకి వేలాడదీసి, చెరువంతా తిప్పేవారు నాన్నగారు. మూట కరిగిపోయేదాకా తిప్పడం, తరవాత చేతులు బూడిదతో తోముకోవడం. మమ్మల్ని ఆ రోజు దగ్గరికి రానిచ్చేవారు కాదు.

మా పక్కింట్లో ఒక మామ్మగారు ఉండేవారు. మాకు చుట్టం కాదు, పక్కం కాదు. నాన్నగారు చిన్నతనంలోనే తల్లిని పోగొట్టుకుంటే, ఆవిడే గోడ మీంచి పిలిచి అన్నం పెట్టేవారట. నాకు ఊహ తెలిశాక కూడా రోజూ పదిగంటల వేళకి చెంబుడు మజ్జిగ గట్టు మీదికి పంపించేవారు. నాన్నగారు తాగి, చెంబు కడిగి, తనే వెళ్ళి ఇచ్చి వచ్చేవారు. ఆవిడ ఎప్పుడూ ఒకటే అడిగేవారు, “ఉప్పు సరిపోయిందిట్రా?” అని. అంతకంటే వాళ్ళిద్దరూ ఎక్కువ మాట్లాడుకోగా నేను చూడలేదు.

నేను రాజమండ్రిలో డిగ్రీ చదివేదాన్ని, జియాలజీతో. ఆడపిల్లకి ఆ రాళ్ళ చదువేంటని ఊరంతా నవ్వింది. కంప్యూటర్ల సీటు రాలేదు, ఇదొచ్చింది, అంతే సంగతి. కానీ చేరాక నాకు నచ్చింది. ముఖ్యంగా ఖనిజాల వర్గీకరణ. ప్రపంచంలో ఉన్న రాయీ రప్పా అంతటినీ కూర్చోబెట్టి, నువ్వెవరివి, నీలో ఏముంది అని అడిగి, ఎవరి వరసలో వాళ్ళని కూర్చోబెట్టడం. సిలికేట్లొక వరస, కార్బొనేట్లొక వరస, సల్ఫైడ్లొక వరస. ఫాస్ఫేట్లూ, ఆర్సెనేట్లూ, వనడేట్లూ కలిపి ఒక వరస. లెక్కకి ఆ వరసలో ఖనిజాలు బోలెడు. మా లెక్చరరుగారు మాత్రం ఆ పాఠం రోజున చాక్‌పీసు పక్కన పడేసి, “ఫాస్ఫేట్లలో అపటైట్ ఒక్కటి చదువుకోండి, చాలు. మిగతావన్నీ అరుదు. పరీక్షలో రావు, మీ జన్మలో చూడరు,” అన్నారు. మా లాబులో చెక్కపెట్టెలో ఉన్న ఫాస్ఫేటు కూడా ఆ అపటైట్ ముక్క ఒక్కటే. ఎన్ని బ్యాచిలు గీశాయో, దాని మీద ఒక్క చోటా నున్నగా లేదు.

చదవొద్దు అన్నదే చదివే బుద్ధి నాది. లైబ్రరీలో లావుపాటి ఇంగ్లీషు పుస్తకంలో మిగతా ఫాస్ఫేట్లు చదివాను. వాటిలో వివియనైట్ ఒకటి. ఇనుమూ, భాస్వరమూ, నీళ్ళూ కలిసిన ఖనిజం. మెత్తన, గోటితో గీస్తే గీత పడుతుంది. ఎముకలూ కుళ్ళిన చెక్కా కూరుకుపోయిన బంకమట్టిలో, గాలి తగలని చోట పుడుతుంది. ఎముకలోంచి భాస్వరం, మట్టిలోంచి ఇనుము. దాని చుట్టాల్లో కోబాల్టు ఉన్నది గులాబిరంగు, నికెలు ఉన్నది ఆకుపచ్చ. ఇదేమో భూమిలో ఉన్నంతసేపూ తెల్లన. బయటికి తీసి గాలీ వెలుతురూ తగలనిస్తే నీలం తిరుగుతుంది. ఆ వాక్యం చదివి మురిసిపోయాను. ఇలాంటిది చూడ్డానికి ఏ దేశం పోవాలో అనుకున్నాను. మా ఊరి బురదలో ఉంటుందని ఎవరు చెప్తారు?

తొంభైల చివర్లో, ఆ ఏటి ఎండాకాలం, చెరువు లోతు చేయించాలని పంచాయతీలో అనుకున్నారు. కాలువలు కట్టేస్తే మళ్ళీ వదిలేదాకా చెరువులో నిలవున్న నీళ్ళే ఊరికి దిక్కు. అందుకని చెరువు మధ్యలో అడ్డుకట్ట వేసి, నీళ్ళన్నీ ఒక పక్కకి తోడి, రెండో పక్క పొక్లెయిన్‌తో తవ్వించారు. పైన పూడిక పోయాక కింద నల్లటి బంక తగిలింది. దాంట్లోంచి పశువుల ఎముకలూ, బొగ్గులా నల్లబడ్డ దుంగలూ వచ్చాయి. ఎప్పటి పశువులో, ఏ వరదలో కొట్టుకొచ్చాయో. ఆ మట్టంతా గట్టు మీద పోశారు. నాలుగు రోజులకి ఆ మట్టిలో అక్కడక్కడా నీలం కనిపించడం మొదలైంది.

ఇక్కడ ఇంకొకటి జరిగింది. అసలు సంగతి అదే. సగం చెరువులో నిలవున్న నీళ్ళు ఊరికి చాలలేదు. బిందెలు పట్టుకుని ఆడవాళ్ళు పంచాయతీ ఆఫీసు ముందు కూర్చున్నారు. ప్రెసిడెంటుగారికి ఎన్నికలు దగ్గర్లో ఉన్నాయి. మిట్టమధ్యాహ్నం ఆయిలింజను తెప్పించి, చెరువు వెనకాల ఉన్న మురుగుకాలువలోంచి చెరువులోకి నీళ్ళు తోడించారు. చేలల్లో మందులు కొట్టిన నీళ్ళు, పైన ఊళ్ళ దొడ్ల నీళ్ళు, గేదెలు పడుకున్న నీళ్ళు అవి. నాన్నగారు వెళ్ళి, “వద్దండి, ఆ నీళ్ళు ఫిల్టర్లు ఆపలేవండి,” అన్నారట. “బ్లీచింగు ఇంకాస్త ఎక్కువెయ్యి,” అన్నారట ప్రెసిడెంటుగారు. నాన్నగారు ఆయ్ అన్నారు. ఇంజను మోత ఊరంతా విన్నది. సాయంత్రం కుళాయిలు తిప్పితే నీళ్ళొచ్చాయి. అందరూ సంతోషంగా పట్టుకున్నారు.

మూడోనాటికల్లా ఊళ్ళో వాంతులు, విరేచనాలు. ఇంటికొకళ్ళు మంచం పట్టారు. చిన్నపిల్లలు, వయసువాళ్ళు ఎలాగో తట్టుకున్నారు. పక్కింటి మామ్మగారు తట్టుకోలేకపోయారు. ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయింది.

నేను పరీక్షలు రాసి బస్సు దిగేసరికి మామ్మగారి ఇంటి ముందు జనం. సంచీ అలాగే భుజాన ఉంది. పాడె కట్టేశారు. నాన్నగారు మోయడానికని తలకి తుండు చుట్టుకుని ముందుకెళ్ళారు. మామ్మగారి కొడుకు అడ్డంగా చెయ్యి పెట్టాడు. “మీరు ముట్టుకోకండి. మీ చేతులు పెట్టకండి మా అమ్మ మీద,” అన్నాడు. అంతమందిలో, గట్టిగా. నాన్నగారు తుండు విప్పి చేత్తో పట్టుకుని, వెనక్కి వచ్చి మా గుమ్మంలో నిలబడ్డారు. పాడె కనిపించినంతసేపూ అలాగే నిలబడ్డారు. నాకేమీ అర్థం కాలేదు.

అర్థం చేసుకోవడానికి ఎంతోసేపు పట్టలేదులెండి. గట్టు మీద మట్టి నీలంగా ఉంది. నీలంగా ఉండేది మైలుతుత్తం. చెరువులో మైలుతుత్తం వేసేది మా నాన్నగారు. అది తాగితే వాంతులు, విరేచనాలు అవుతాయి. ఊరికి లెక్క సరిపోయింది! మొదట ఈ మాట ఎవరన్నారో ఎవరూ చెప్పరు. ప్రెసిడెంటుగారు మాత్రం దాన్ని అందిపుచ్చుకున్నారు. “బస్తాలకి బస్తాలు కుమ్మరించినట్టున్నాడు, మట్టికే ఇంత పట్టిందంటే,” అన్నారట. దొంగే దొంగా దొంగా అని అరవడం అంటే ఇదే. ఇంజను పెట్టిన మనిషే ఆ మాట అంటుంటే, ఇంజను మోత విన్న ఊరంతా తలూపింది. ఎందుకు ఊపదు? మురుగునీళ్ళని ఒప్పుకుంటే, బిందెలు పట్టుకుని కూర్చున్నది మేమేనని కూడా ఒప్పుకోవాలి. తెలిసి పట్టుకుని తాగామని ఒప్పుకోవాలి. దానికంటే మా నాన్నగారు తేలిక.

ఆ సాయంత్రమే గట్టు మీదికి వెళ్ళాను. ఒక బంకగడ్డ తీసుకుని రెండుగా విరిచాను. లోపల ఎముక ముక్క, దాని చుట్టూ తెల్లగా పిండిలాంటిది. పైపొర మాత్రం నీలం. మైలుతుత్తం పైనుంచి పడి ఉంటే లోపల తెల్లదనం ఏంటి? విరిచిన ముక్కని గట్టు మీద పెట్టి దాని ముందే కూర్చున్నాను. చూస్తుండగానే ఆ తెలుపు మీద లేత నీలం పాకింది, దండెం మీద ఆరేసిన తడిబట్ట మీద నీలిమందు చుక్క పడ్డట్టు. కాసేపటికి ముదిరింది. గోటితో గీశాను, గీత పడింది. పుస్తకంలో చదివింది నా ముందే జరుగుతోంది, అదీ మా నాన్నగారి మీద నింద పడిన మట్టిలో. సంతోషపడాలో ఏడవాలో తెలియలేదు. ఇది ఎప్పటి మట్టో, ఎవరూ ఎన్నడూ తవ్వని మట్టి. మా నాన్నగారు పుట్టకముందు నుంచీ ఆ ఖనిజం అక్కడ కూర్చుని ఉంది.

ఇంటికి పరిగెత్తి చెప్పాను. “నాన్నా, అది మైలుతుత్తం కాదు!” నాన్నగారు నావైపు చూసి, “నీకెందుకమ్మా ఇవన్నీ, ప్రయాణం చేసి వచ్చావు, అన్నం తిను,” అన్నారు. నేను చెప్పింది విన్నట్టే లేదు.

మర్నాడే ఫస్టు బస్సుకి రాజమండ్రి వెళ్ళాను, ప్లాస్టిక్ డబ్బాలో తడిగుడ్డ చుట్టిన గడ్డలతో. చదువుకున్నవాళ్ళు ఒక మాట చెప్తే ఊరు వింటుందని నా పిచ్చి నమ్మకం. సెలవులు కాబట్టి లెక్చరరుగారు డిపార్ట్‌మెంటులో పేపరు చదువుకుంటున్నారు. అంతా చెప్పాను. ఆయన డబ్బాలోకి తొంగి చూశారు. ముట్టుకోలేదు. గీయలేదు. విరవలేదు. పక్కనే ఆమ్లం సీసా ఉంది, దాని మూత తీయలేదు.

“ఏముందమ్మా, ఎవరో బట్టల నీలిమందు పారబోసి ఉంటారు,” అన్నారు.

“లోపల తెల్లగా ఉంది సార్. గాలి తగిలాక రంగు మారుతోంది. వివియనైట్ అనుకుంటున్నాను.”

ఆయన నవ్వారు. “గోదావరి డెల్టాలో వివియనైటా? డెల్టాలో బురద తప్ప ఏముంటుంది? అది అరుదైన ఫాస్ఫేటు అమ్మాయ్. మన డిపార్ట్‌మెంటుకి ఫాస్ఫేటంటే అపటైటే.”

నాకు ఒళ్ళు మండిపోయింది. “మీరేగా సార్ చెప్పింది, రంగు చూసి పేరు పెట్టొద్దని? ఒక్కసారి గీసి చూడండి. మా నాన్నగారి మీద చావు నింద పడింది సార్. మీరొచ్చి ఒక్క మాట చెప్తే చాలు.”

“ఊళ్ళో గొడవల్లోకి నన్ను లాగకు. ఇంకో ఏడాది నువ్విక్కడ చదవాలి. ప్రాక్టికల్ మార్కులు ఎవరి చేతిలో ఉంటాయో మర్చిపోకు,” అని మళ్ళీ పేపరు తీసుకున్నారు.

ఆ మనిషి జీతం తీసుకునేది దీనికే కదా! ఎదురుగా డబ్బాలో ఉన్న దాన్ని చూడ్డానికి కూడా ఒప్పుకోని మనిషి, మా చేత ఖనిజ ధర్మాలు పాతిక పేజీలు రాయించాడు. కోపంగా మెట్లు దిగి, గోదావరి గట్టున కూర్చుని కాసేపు ఏడ్చాను. తరవాత బుద్ధొచ్చింది. అది ఏంటో చెప్పడానికి పెద్దవాళ్ళు కావాలేమో. అది ఏది కాదో చెప్పడానికి పదో తరగతి చాలు. మైలుతుత్తం నీళ్ళలో కరుగుతుంది, నీళ్ళు నీలం అవుతాయి. ఆ నీళ్ళలో ఇనుము ముంచితే ఇనుము మీద ఎర్రగా రాగి పడుతుంది. బడికెళ్ళిన ప్రతివాడూ చేసిన ప్రయోగం. తిరిగి వెళ్ళేటప్పుడు రామచంద్రపురంలో దిగి, పురుగుమందుల కొట్లో చారెడు మైలుతుత్తం కొన్నాను.

ఆదివారం పంచాయతీ ఆఫీసు వరండాలో పెద్దమనుషులు కూర్చున్నారు. నాన్నగారిని పనిలోంచి తీసెయ్యడానికి. అరుగుల మీద, రోడ్డు మీద ఊళ్ళో సగం జనం. నాన్నగారు స్తంభం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు. ప్రెసిడెంటుగారు మొదలుపెట్టారు, “ఏదో పొరపాటున ఎక్కువ పడిపోయింది. కావాలని చేశాడని మేమనట్లేదు. కానీ ఊరి ప్రాణాలతో చెలగాటం కదా.” ఎంత మెత్తగా చెప్పారో! కుక్కని చంపాలంటే ముందు పిచ్చిదని పేరు పెట్టాలి. పేరు పెట్టడం అయిపోయింది, ఇక చంపడమే.

నేను వెళ్ళి వాళ్ళ బల్ల మీద రెండు గాజుగ్లాసులు పెట్టాను. రెండింట్లో నీళ్ళు పోశాను. “ఏంటమ్మా ఇది?” అన్నారు. “చూడండి,” అన్నాను. ఒకదాంట్లో మైలుతుత్తం పలుకులు వేసి కలిపాను. నీళ్ళు నీలమయ్యాయి. రెండోదాంట్లో చెరువు మట్టిలోని నీలం గడ్డ వేసి కలిపాను. మట్టి అడుగున కూర్చుంది, నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. రెండింట్లోనూ కొత్త బ్లేడు చెరొకటి ముంచి, కాసేపాగి తీశాను. మొదటిది రాగిచెంబులా ఎర్రబడింది. రెండోది మెరుస్తోంది. తెచ్చిన పచ్చిగడ్డ వాళ్ళ కళ్ళముందే విరిచి తెల్లదనం చూపించాను. ఇది భూమిలో పుట్టిందండి, ఇనుమూ ఎముకా కలిసి పుట్టింది, గాలి తగిలితే నీలమవుతుంది, ఎవరూ వేసింది కాదు, అని చెప్పాను.

జనంలో ఒక కదలిక వచ్చింది. కొందరు ముందుకొచ్చి బ్లేడు చూశారు. ఒకాయన, “నిజమేరోయ్,” అన్నాడు. నేననుకున్నాను, అయిపోయింది, గెలిచాం అని.

ప్రెసిడెంటుగారు మాత్రం కుర్చీలో కదల్లేదు. “సరేనమ్మా, చదువుకున్నదానివి. మైలుతుత్తం కాదు, ఒప్పుకున్నాం. అలాంటిదే ఇంకేదో అయ్యుంటుంది. నీలంగా ఉందా, లేదా?”

“నీలంగా ఉంటే?”

“నీలంగా ఉంది కదా మరి.”

అంతే. గాడిద గుడ్డు అన్నట్టు! గ్లాసులు అక్కడే ఉన్నాయి, బ్లేడ్లు అక్కడే ఉన్నాయి. వాటి వంక చూసి, మళ్ళీ అదే మాట. అప్పుడింక నా నోరు ఆగలేదు. “ఊరంతా మంచం పట్టింది మట్టి వల్ల కాదండి, మురుగునీళ్ళ వల్ల. మీరు ఇంజను పెట్టించి తోడించిన నీళ్ళు. ఇక్కడున్న వాళ్ళలో ఆ ఇంజను మోత వినని వాళ్ళు ఒక్కళ్ళుంటే చెప్పండి!” అని అరిచాను.

అందరూ తలలు వంచుకున్నారు. కొందరు లేచి వెళ్ళిపోయారు. మామ్మగారి కొడుకు గోడకానుకుని ఉన్నాడు, అతని వంకే చూశాను. మీ అమ్మని ఎవరు చంపారో తెలుసుకోవాలని లేదా నీకు? అతను చూపు తిప్పేసుకున్నాడు. పెద్దాయన ఒకరు, “ఇప్పుడవన్నీ ఎందుకమ్మా, పోయినావిడ ఎలాగూ పోయింది,” అన్నారు. ఆ మాట నేను చచ్చేదాకా మర్చిపోను. పోయినావిడ ఎలాగూ పోతే, మా నాన్నగారిని ఎందుకు నిలబెట్టారండి స్తంభం దగ్గర?

అంతలో నాన్నగారు ముందుకొచ్చారు. నాకోసం వస్తున్నారనుకున్నాను. ఆయన ప్రెసిడెంటుగారి ముందు నిలబడి రెండు చేతులూ జోడించారు. “చిన్నపిల్లండి. తెలియక వాగింది. మనసులో పెట్టుకోకండి. మీరెలా చెప్తే అలాగేనండి,” అన్నారు. తరవాత నా రెక్క పట్టుకుని బయటికి తీసుకొచ్చేశారు. గ్లాసులు కూడా తీసుకోనివ్వలేదు.

దారి పొడుగునా నేను ఆయన్ని తిట్టాను. తండ్రిని తిట్టకూడదని తెలుసు, తిట్టాను. అడుసు తొక్కింది వాళ్ళయితే కాళ్ళు కడిగేది మీరేంటి? చెయ్యని తప్పుకి దణ్ణం పెట్టడమేంటి? మీలాంటి వాళ్ళుండబట్టే అలాంటి వాళ్ళు ప్రెసిడెంట్లవుతున్నారు. ఇంత చదువు నేను చదివింది, పల్లెత్తు మాట అనని మిమ్మల్ని చూడ్డానికేనా? ఆయన చెప్పులు ఈడ్చుకుంటూ నడిచారు. ఆరోజే ఆయన పని పోయింది.

ఇంటికొచ్చాక అమ్మ మంచినీళ్ళు ఇచ్చింది. కాచిన నీళ్ళు. నేను తాగకుండా పెరట్లోకి వెళ్ళి నూతి చప్టా మీద కూర్చున్నాను. ఎండ ఇంకా తగ్గలేదు. కాసేపటికి నాన్నగారు వచ్చారు. చేతిలో రెండు స్టీలు గ్లాసులు, గడ్డం గీసుకునే బ్లేడ్లు, గట్టు మీంచి తెచ్చిన మట్టిగడ్డ. కిందటిసారి మిగిలిన మైలుతుత్తం కాగితప్పొట్లంలో కట్టి ఉంచారట, అదీ తెచ్చారు.

“ఆ చేసింది, ఇంకోసారి చెయ్యమ్మా,” అన్నారు.

“ఎందుకు? అక్కడ కాళ్ళు పట్టుకున్నారుగా, సరిపోలేదా?”

“చెయ్యమ్మా.”

కోపంగానే చేశాను. నీళ్ళు అటూ ఇటూ ఒలికాయి. ఆయన గొంతుక్కూర్చుని చూశారు. ఎర్రబడిన బ్లేడు తీసుకుని వేలితో రుద్దారు. మెరుస్తున్నదాన్ని కూడా రుద్దారు. తరవాత నేను పక్కకి జరిగితే, నీళ్ళు పారబోసి, ఆయనే మళ్ళీ మొదట్నుంచీ చేశారు. బ్లేడు ముంచి, ఆగి, తీసి, వెలుతురుకి పట్టి చూశారు. మళ్ళీ ముంచారు. నాకు విసుగొచ్చి, “ఇంకెన్నిసార్లు నాన్నా? అది మైలుతుత్తం కాదు, కాదు, కాదు!” అన్నాను.

“కాలువలు కట్టేసే ముందు పాచి చాలా ఉందమ్మా,” అన్నారు. నావైపు చూడకుండా బ్లేడుతోనే చెప్తున్నట్టు చెప్పారు. “పంచాయతీ ఇంజనీరుగారు చెప్పిన కొలతకంటే చారెడు ఎక్కువ కట్టాను మూటలో. ఎవరికీ చెప్పలేదు.”

“చారెడా? అంత చెరువుకి చారెడు ఏ మూలకి నాన్నా? అదీ ఎప్పుడో రెండు నెలల కిందట. దానివల్ల ఎవరికీ ఏమీ కాదు.”

“కాదా?”

“కాదు.”

“ప్రెసిడెంటుగారికి మొన్న ఆ చారెడు సంగతి చెప్పాను. ఎవరితోనూ అనకు, పోలీసుకేసు కాకుండా నేను చూసుకుంటాను, పని ఒక్కటి వదిలేసుకో అన్నారు. నన్ను కాపాడుతున్నారనుకున్నాను.” కాగితప్పొట్లం మళ్ళీ మడిచి, “అందుకే దణ్ణం పెట్టాను,” అన్నారు.

ఇన్ని రోజులూ ఈయన నోరు లేక ఊరుకున్నారనుకున్నాను. ఊళ్ళోవాళ్ళంతా తమకి తెలిసిన నిజాన్ని మింగేసి, అబద్ధాన్ని మాత్రం ఈయన ఒక్కరి చేత నిజంగా నమ్మించారు. అక్కడ వరండాలో కూర్చున్న వాళ్ళలో ఆ మాట నిజమని నమ్మినవాళ్ళు ఒక్కళ్ళూ లేరు. నమ్మిన ఒక్క మనిషీ స్తంభం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు.

ఆయన బ్లేడు చప్టా మీద పెట్టారు.

“నువ్వు కూడా అనుకున్నావా అమ్మా, మామ్మగారిని నేనే చంపానని?”

“ఒక్క క్షణం కూడా అనుకోలేదు నాన్నా.”

“నేననుకున్నాను,” అన్నారు.